అలబామా నల్లరేగడి: నేల ఎంత చేసింది, చట్టం ఎంత చేసింది

1861 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వపు తీర సర్వే విభాగం ఒక పటాన్ని అచ్చువేసింది. అంతర్యుద్ధం మొదలై అప్పటికి అయిదు నెలలు. దక్షిణాది రాష్ట్రాలలో ఏ కౌంటీలో (మన జిల్లా లాంటిది) నూటికి ఎంతమంది బానిసలుగా ఉన్నారో 1860 జనగణన లెక్కలను బట్టి చూపే పటం అది. బానిసల పాలు పెరిగేకొద్దీ కౌంటీకి రంగు ముదురుగా వేశారు, లోపల శాతాన్ని అంకెల్లో చూపారు. అధ్యక్షుడు అబ్రహాం లింకన్ ఈ పటాన్ని తరచూ ముందు పెట్టుకొని చూసేవారు. బానిస విమోచన ప్రకటన తొలి పఠనాన్ని 1864లో చిత్రించిన ఫ్రాన్సిస్ కార్పెంటర్, ఆ బొమ్మలో కుడివైపు మూలన ఈ పటాన్ని కూడా గీశారు.

ఆ పటంలో అలబామా రాష్ట్రం నడుముకు వడ్డాణం పెట్టినట్టు ఒక ముదురు పట్టీ కనిపిస్తుంది. పట్టీలో ఉన్న మరెంగో కౌంటీలో నూటికి 78 మంది బానిసలు. ఉత్తరాన కొండల్లో ఉన్న విన్‌స్టన్ కౌంటీలో నూటికి నలుగురు కూడా లేరు. అలబామా అమెరికా నుంచి విడిపోతున్నట్టు 1861 జనవరిలో తీర్మానం చేసినప్పుడు, విన్‌స్టన్ ప్రతినిధి దానిపై సంతకం చేయడానికి నిరాకరించారు. ఒకే రాష్ట్రంలో ఇంత తేడా ఎలా వచ్చిందన్నదే ఈ వ్యాసానికి మొదటి ప్రశ్న.

ఆ పటం పక్కన మరో రెండు పటాలు పెట్టి చూడవచ్చు. ఒకటి భూగర్భ శాస్త్రజ్ఞుల పటం. దానిలో సరిగ్గా ఆ పట్టీ ఉన్నచోటే సుద్దరాయి పొరలు కనిపిస్తాయి. రెండోది ఇటీవలి ఎన్నికల పటం. 2017 డిసెంబరులో జరిగిన సెనేట్ ఉపఎన్నికలో డెమొక్రాటిక్ అభ్యర్థి డగ్ జోన్స్ సుమారు 22 వేల ఓట్ల తేడాతో గెలిచినప్పుడు, ఆయనకు భారీగా మద్దతిచ్చిన, నల్లజాతి ఓటర్లు ఎక్కువగా ఉన్న కౌంటీలు మళ్లీ అదే పట్టీగా ఏర్పడ్డాయి. ఈ పోలికను చూసినవాళ్లు చాలామంది, కోట్ల ఏళ్ల కిందటి సముద్రమే నేటి ఓట్లను నిర్ణయిస్తోందని అంటారు. వినడానికి ఆశ్చర్యంగా ఉండే ఈ మాటలో కొంత నిజముంది. కానీ ఆ సముద్రానికీ ఈ ఓటుకూ నడుమ జరిగిన పనులను, ఆ పనులు చేసిన మనుషులను అది కనబడకుండా చేస్తుంది. నా అభ్యంతరం అక్కడే.

ముందుగా నేల సంగతి చూద్దాం. సుమారు ఎనిమిది కోట్ల ఏళ్ల కిందట, క్రెటేషియస్ యుగంలో, సముద్రమట్టం ఇప్పటికంటే చాలా ఎత్తులో ఉండేది. నేటి మెక్సికో సింధుశాఖ తీరం అలబామా మధ్యభాగం దాకా చొచ్చుకొచ్చింది. ఆ లోతు తక్కువ వెచ్చని నీటిలో కంటికి కనబడని సూక్ష్మజీవులు బతికి, చచ్చి, వాటి సున్నపు పెంకులు అడుగుకు చేరి, లక్షల ఏళ్లలో వందల అడుగుల మందాన సుద్దగా పేరుకున్నాయి. శాస్త్రజ్ఞులు ఈ పొరలకు అక్కడి సెల్మా పట్టణం పేరే పెట్టారు. డెమొపొలిస్ పట్టణం దగ్గర టోంబిగ్బీ నది ఈ సుద్దను కోసుకుంటూ పోయినచోట తెల్లటి గట్లు నేటికీ కనిపిస్తాయి.

తెల్లటి సుద్ద మీద నల్లటి మన్ను ఎలా పుట్టిందని అడగవచ్చు. సుద్ద శిథిలమైతే మిగిలేది సున్నం కలిసిన బంకమన్ను. దానిమీద వేల ఏళ్లు గడ్డి పెరిగింది. ఆ గడ్డి వేళ్లు కుళ్లి మన్నులో కలిసి, సున్నంతో ముడిపడి, పైపొరను నల్లగా మార్చాయి. మన నల్లరేగడిని ఎరిగినవారికి ఈ మన్ను స్వభావం వివరించనక్కరలేదు. ఎండకు అరచేయి పట్టేంత నెర్రెలు విచ్చుకుంటుంది, వానకు ఉబ్బి నెర్రెలన్నీ పూడుకొని, కాలికి పట్టుకున్న మన్ను అడుగడుక్కీ బరువెక్కుతుంది. ఆదిలాబాద్ నల్లరేగడి అగ్నిపర్వత శిల నుంచి పుట్టింది, అలబామాది సముద్రపు సుద్ద నుంచి పుట్టింది. తల్లిరాళ్లు వేరైనా రెండింటి గుణం ఒకటే, నేలల శాస్త్రంలో రెండింటినీ ఒకే తరగతిలో చేరుస్తారు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ పట్టీ అంతా ఒకేలా నల్లగా ఉండదు. మధ్యమధ్య ఎర్రటి పులుపు నేలలు, చవకబారు మెరక భూములు కూడా ఉన్నాయి. పటం మీద గీత గీసినంత తేలికగా నేల గీత గీసుకోదు.

ఈ నేల పత్తి కోసమే పుట్టిందన్నట్టు తరువాతి కాలంలో రాశారు గానీ, 19వ శతాబ్దపు తొలి వలసదారులు దీన్ని చూసి వెనక్కి తగ్గారు. చెట్లు లేనిచోట పంట పండదని వాళ్ల నమ్మకం. ఇల్లు కట్టుకోవడానికి, కంచె వేసుకోవడానికి కలప లేదు. తాగడానికి నీరు లేదు, ఎందుకంటే సుద్దపొర నీటిని కిందికి ఇంకనివ్వదు, వాగులు వేసవిలో ఎండిపోతాయి. వానాకాలంలో బండి కదలదు. 1817లో నెపోలియన్ పక్షపువారైన కొందరు ఫ్రెంచివారు ఇక్కడ ద్రాక్ష, ఆలివ్ తోటలు వేయడానికి వచ్చి డెమొపొలిస్‌ను స్థాపించారు. ఆ తోటలు నిలవలేదు. సుద్ద అడుగున ఉన్న ఇసుక పొరల దాకా వందల అడుగుల లోతుకు బోర్లు దించి, పైకి దానంతటదే ఉబికే నీటిని రాబట్టడం నేర్చుకున్న తరువాతనే ఈ మైదానం పెద్ద కమతాలకు పనికొచ్చింది. ఆ బోర్లకు డబ్బు కావాలి. అంటే ఈ నేల పేద రైతుకు కాక, పెట్టుబడి ఉన్నవాడికి లొంగింది. నేల మనుషులను మలచడమంటే ఇలాంటి చిన్న చిన్న ఒరుగుళ్లే: ఒకరికి కాస్త సులువు, మరొకరికి కాస్త కష్టం.

ఇకపోతే మనుషులు చేసిన పనులు. ఈ నేల ఖాళీగా పడిలేదు. క్రీక్, చోక్టా, చికసా జాతుల వారు తరతరాలుగా ఇక్కడ ఉన్నారు. 1814లో అమెరికా సేనాని ఆండ్రూ జాక్సన్, యుద్ధంలో ఓడిన క్రీక్ జాతి చేత ఒక ఒప్పందంపై సంతకం చేయించి సుమారు 2 కోట్ల 30 లక్షల ఎకరాలు తీసుకున్నారు. యుద్ధంలో తన పక్షాన పోరాడిన క్రీకుల భూమి కూడా అందులో పోయింది. 1830లో చోక్టాలు, 1832లో చికసాలు, మిగిలిన క్రీకులు తమ భూములు వదులుకోవలసి వచ్చింది, వాళ్లను మిసిసిపీ నదికి ఆవలికి తరలించారు. సర్వేయర్లు ఆ భూమిని చదరాలుగా కొలిచారు, ప్రభుత్వం వేలంలో అమ్మింది. 1820 చట్టం ప్రకారం కనీస ధర ఎకరానికి డాలరుంపావు, కనీసం 80 ఎకరాలు, రొక్కం అక్కడికక్కడే చెల్లించాలి. మంచి నేల ఎవరి చేతికి పోయిందో చెప్పడానికి ఈ మూడు షరతులు చాలు.

కొన్న భూమిలో పని ఎవరు చేయాలి? విదేశాల నుంచి బానిసలను దిగుమతి చేయడాన్ని అమెరికా 1808 నుంచి నిషేధించింది. కాబట్టి వర్జీనియా, మేరీలాండ్, కరొలినాల వంటి పాత రాష్ట్రాల నుంచి బానిసలను కొని దక్షిణానికి నడిపించే దేశీయ వ్యాపారం పెరిగింది. 1790కీ 1860కీ మధ్య ఇలా సుమారు పది లక్షల మందిని తరలించారు. తల్లులను పిల్లల నుంచి, భర్తలను భార్యల నుంచి వేరుచేసి అమ్మడం ఆ వ్యాపారంలో రోజువారీ సంగతి. అలబామాలో 1820లో 41,879 మంది బానిసలుంటే, 1860 నాటికి వారి సంఖ్య 4,35,080కి చేరింది. రాష్ట్ర జనాభాలో వారు నూటికి 45 మంది. ఆ ముదురు పట్టీ తయారైన విధం ఇది. సుద్ద నేల మనుషులను తనవైపు లాక్కోలేదు, సంకెళ్లు వేసి తీసుకొచ్చారు.

పత్తిని ఏరడానికి అప్పట్లో యంత్రం లేదు. 1793 నాటి జిన్ను యంత్రం గింజను దూదినుంచి వేరుచేయగలిగింది గానీ, చేలో కాయ నుంచి దూదిని లాగాల్సింది చేతి వేళ్లే. ఎంత మంది చేతులుంటే అంత చేను. పండిన పత్తిని బేళ్లుగా కట్టి, నది గట్టు మీదనుంచి చెక్క జారుడుబల్లల మీదుగా కిందనున్న ఆవిరి పడవల్లోకి దొర్లించేవారు. అలబామా, టోంబిగ్బీ నదుల మీదుగా అది మొబీల్ రేవుకు, అక్కడినుంచి ఇంగ్లండు మిల్లులకు చేరేది. యుద్ధకాలంలో ఈ సరఫరా ఆగిపోయినప్పుడే లాంకషైర్ మిల్లులు భారతదేశపు పత్తి కోసం ఎగబడ్డాయి. అంతకు ముందే, 1840లో, ఈస్టిండియా కంపెనీ అమెరికా దక్షిణాది నుంచి పత్తి సాగుదారులను రప్పించి ఇక్కడ వారి పద్ధతులు నేర్పించాలని చూసింది. ఇప్పుడు మన చేలలో పండే పత్తిలో అత్యధిక భాగం ఆ అమెరికన్ జాతి పత్తే.

1865లో బానిసత్వం పోయింది, భూమి మాత్రం చేతులు మారలేదు. 1866లో దక్షిణాది ప్రభుత్వ భూములను పేదలకు ఇవ్వడానికి ఒక చట్టం వచ్చింది గానీ, సారవంతమైన నల్లనేల అంతా అప్పటికే ప్రైవేటు ఆస్తి. మిగిలినవి చవుడు, అడవి, ఇసుక. విముక్తులైన నల్లజాతి కుటుంబాలు పాత యజమాని పొలాన్నే పంటలో వాటాకు దున్నవలసి వచ్చింది. విత్తనం, కోడె, తిండిగింజలు, బట్ట అన్నీ యజమాని దగ్గరో వ్యాపారి దగ్గరో అరువు. పంట చేతికొచ్చాక లెక్క చూస్తే బాకీ మిగిలేది. లెక్క పుస్తకం యజమాని చేతిలో ఉండేది.

ఇక్కడే, సముద్రం ఓటును నిర్ణయిస్తుందనే వాదానికి గట్టి పరీక్ష ఎదురవుతుంది. అంతర్యుద్ధం ముగిశాక వచ్చిన పునర్నిర్మాణ కాలంలో నల్లజాతి పురుషులకు ఓటు వచ్చాక, బానిసగా పుట్టిన సెల్మా వాసి బెంజమిన్ టర్నర్ 1870లో అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికయ్యారు. నేల, జనాభా, ఓటు అన్నీ ఒక వరుసలో ఉన్నాయి. మరి 1901లో ఏం జరిగింది? అలబామా కొత్త రాజ్యాంగం ఓటు పన్ను, చదువు పరీక్ష, ఆస్తి షరతు పెట్టి నల్లజాతి వారి ఓటును తీసివేయడానికి తయారైంది. దాన్ని ఆమోదించాలా వద్దా అన్న ఓటింగులో ఈ పట్టీ వెలుపలి కౌంటీలు 72,389 ఓట్లు అనుకూలంగా, 76,263 వ్యతిరేకంగా వేసి వద్దన్నాయి. నల్లనేల కౌంటీలు మాత్రం 36,224 ఓట్లు అనుకూలంగా, 5,471 వ్యతిరేకంగా వేసినట్టు లెక్క చూపాయి. ఆ లెక్కతోనే రాజ్యాంగం నెగ్గింది. డాలస్, హేల్, విల్‌కాక్స్ అనే మూడు కౌంటీల్లో కలిపి ఓటుకు అర్హులైన శ్వేతజాతి పురుషులు 5,623 మంది మాత్రమే, అనుకూల ఓట్లు 17,475 అని ప్రకటించారు. అంటే తమ ఓటు హక్కును తీసేయమని నల్లజాతి ప్రజలే వేలాదిగా ఓటేసినట్టు కాగితం మీద రాశారు. ఓట్ల పెట్టె భూస్వాముల ఆధీనంలో ఉండటమే దీనికి కారణం.

తరువాతి లెక్క మరీ బాధాకరం. ఆ రాజ్యాంగానికి ముందు అలబామాలో ఓటుకు అర్హులైన నల్లజాతి పురుషులు లక్షా ఎనభై వేలకు పైగా ఉన్నారు. 1903 నాటికి ఓటరు జాబితాలో మిగిలినవారు 2,980 మంది. 1870, 1901, 2017 సంవత్సరాల్లో సుద్దరాయి అదే, నల్లమన్ను అదే, ఎక్కువ సంఖ్యలో ఉన్న జనమూ వారే. ఫలితం మాత్రం ఒకసారి ఇటు, ఒకసారి అటు, మళ్లీ ఇటు. మారింది చట్టమూ, దాన్ని ఎవరు అమలు చేశారన్నదీ.

ఇదే పరీక్షను పటం మీద అడ్డంగా కూడా చేయవచ్చు. టెక్సాస్‌లో డాలస్ నగరం నుంచి శాన్ ఆంటోనియో వైపు సాగే నల్లనేల మైదానం కూడా క్రెటేషియస్ సుద్ద మీద పుట్టినదే. అక్కడి నేల మరింత నల్లన, మరింత లోతు. అయినా అందులో ఎక్కువ భాగం దున్నుబడింది అంతర్యుద్ధం తరువాత, రైలు మార్గాలు వచ్చాక. పత్తి విపరీతంగా పండినా, పండించినవారిలో ఎక్కువమంది శ్వేతజాతి కౌలుదారులు, జర్మన్, చెక్ వలస కుటుంబాలు. అందుకే అక్కడ అలబామా లాంటి పట్టీ ఏర్పడలేదు. మరోవైపు మిసిసిపీ డెల్టాలో సుద్ద లేదు, ఉన్నది నది వేసిన ఒండ్రు. అక్కడ మాత్రం నల్లజాతి ప్రజలే అధిక సంఖ్యాకులు. ఒకే నేల మీద రెండు సమాజాలు, రెండు నేలల మీద ఒకే సమాజం కనిపిస్తున్నప్పుడు, కథకు కర్త నేల అని చెప్పడం సరికాదు.

ఈ ప్రాంతం పేరైన బ్లాక్ బెల్ట్ అనే మాటలోనే ఈ చిక్కు దాగుంది. అలబామాలోని టస్కీగీలో 1881లో నల్లజాతి విద్యార్థుల కోసం విద్యాలయం ప్రారంభించిన బుకర్ టి. వాషింగ్టన్, ఆ పేరు మొదట మన్ను రంగును బట్టి వచ్చిందని, తరువాత నల్లజాతి ప్రజలు అధికంగా ఉన్న ప్రాంతమనే అర్థంలో వాడుకైందని వివరించారు. మన్ను నుంచి మనిషికి జారిన పేరు అది. ఆయన విద్యాలయానికి 1896లో వచ్చిన జార్జ్ వాషింగ్టన్ కార్వర్, పత్తి మీద పత్తి వేసి సారం పోయిన పొలాలకు వేరుశనగ, అలసంద, చిలగడదుంప సూచించారు. 1906 నుంచి పరికరాలతో నిండిన ఒక బండిని ఊరూరికీ పంపి రైతులకు పాఠాలు చెప్పించారు. సూచన మంచిదే గానీ, ఏ పంట వేయాలో తేల్చేది కౌలు రైతు కాదు, అప్పిచ్చినవాడు. వాడికి కావలసింది పత్తి. 1910లో పత్తికాయ ముక్కుపురుగు అలబామాలోకి వచ్చాకనే ఆ పట్టు సడలింది. పైమన్ను కొట్టుకుపోయిన చోట్ల కింది సుద్ద తెల్లగా బయటపడింది. పత్తి చేలు క్రమంగా పశువుల బీళ్లుగా, సరుగుడు లాంటి పైన్ తోటలుగా, బంకమన్ను నీటిని ఇంకనివ్వదు కాబట్టి క్యాట్‌ఫిష్ చెరువులుగా మారాయి. పనిలేక వేలాది కుటుంబాలు ఉత్తరాది నగరాలకు వెళ్లిపోయాయి.

వెళ్లని వారి సంగతి లౌండ్స్ కౌంటీలో చూడవచ్చు. 1965 ఆరంభంలో అక్కడి జనాభాలో నూటికి 80 మంది నల్లజాతివారు, ఓటరు జాబితాలో వారిలో ఒక్కరి పేరూ లేదు. నమోదైన శ్వేతజాతి ఓటర్ల సంఖ్య మాత్రం అర్హులైన శ్వేతజాతీయుల సంఖ్యను మించి ఉంది. మార్చి 7న సెల్మా వంతెన మీద ఓటు హక్కు కోరిన నిరాయుధులను పోలీసులు చావబాదారు. మార్చి 21న మార్టిన్ లూథర్ కింగ్ నాయకత్వాన మళ్లీ బయలుదేరిన పాదయాత్ర 54 మైళ్లు నడిచి 25న మాంట్‌గోమరీ చేరింది. దారిలో మొదటి మూడు రాత్రులు వాళ్లు డేరాలు వేసుకున్నది నల్లజాతి కుటుంబాల సొంత పొలాల్లో. మూడో రోజు వాన పడి, ఆ రాత్రి బస చేసిన చేను అంతా బురద. గడ్డి, ప్లాస్టిక్ పట్టాలు పరచుకొని పడుకున్నారు. ఆ కౌంటీలో సొంత భూమి ఉన్న నల్లజాతి రైతులు కొద్దిమందే, చోటివ్వగలిగిందీ వాళ్లే. ఆగస్టు 6న ఓటు హక్కు చట్టం వచ్చాక పేరు నమోదు చేయించుకున్న కౌలు కుటుంబాలను యజమానులు ఇళ్లు ఖాళీ చేయించారు. వాళ్లు రహదారి పక్కన గుడారాల్లో రెండేళ్ల పాటు బతికారు. 1970లో ఆ కౌంటీ ఓటర్లు జాన్ హ్యూలెట్‌ను షెరీఫ్‌గా, అంటే కౌంటీ పోలీసు అధిపతిగా, ఎన్నుకున్నారు. నల్లజాతి వ్యక్తి ఆ పదవికి రావడం అక్కడ అదే మొదలు.

భూమి చేతిలో ఉండటం ఎంత తేడా తెస్తుందో జీస్ బెండ్ ఊరు చెబుతుంది. అలబామా నది మూడువైపులా చుట్టిన ఆ ఊళ్లో పాత బానిసల సంతతివారు పాత బట్టల ముక్కలతో కుట్టిన బొంతలు ఇప్పుడు పెద్ద కళాప్రదర్శనశాలల్లో ఉన్నాయి. 1930ల చివర ప్రభుత్వం అక్కడి జమీను కొని, దున్నుతున్న కుటుంబాలకే సులభ వాయిదాల్లో అమ్మింది. సొంత ఇల్లు, సొంత చేను ఉన్నవారిని ఓటు అడిగినందుకు ఎవరూ వెళ్లగొట్టలేకపోయారు. అందుకని 1962లో ఏటి దాటుడు పడవను ఆపేశారు. ఆవలి ఒడ్డున కనబడే కౌంటీ కేంద్రానికి ఓటరు నమోదు కోసం వెళ్లాలంటే గంటసేపు రోడ్డు ప్రయాణం చేయాల్సి వచ్చింది. పడవ మళ్లీ నడిచింది 2006లో.

లౌండ్స్ కౌంటీలో ఇప్పుడు నేల మరో రకంగా అడ్డుపడుతోంది. ఊళ్లు చెదురుమదురుగా ఉండటం వల్ల చాలా ఇళ్లకు మురుగు గొట్టాలు లేవు. సాధారణ సెప్టిక్ ట్యాంకు నుంచి వచ్చే నీరు భూమిలోకి ఇంకాలి, ఈ బంకమన్నులో ఇంకదు. వాన పడితే మురుగు తిరిగి ఇంటి తొట్టెల్లోకి ఎగదన్నుతుంది. ఈ నేలకు తగిన ప్రత్యేక ఏర్పాటుకు వేల డాలర్లు కావాలి. అంత పెట్టలేని కుటుంబాలు ఒక గొట్టం వేసి మురుగును ఇంటి వెనక పెరట్లోకి వదులుతాయి. అలా వదిలినందుకు కేసులు పెట్టిన కాలమూ ఉంది. 2017లో వెలువడిన ఒక వైద్య పరిశోధనలో పరీక్షించిన 55 మందిలో మూడోవంతుకు పైగా కొంకిపురుగుల ఆనవాళ్లు కనిపించాయి. అక్కడే పెరిగిన కేథరిన్ కోల్‌మన్ ఫ్లవర్స్ ఏళ్ల తరబడి ఇంటింటికీ తిరిగి ఈ సంగతిని దేశం ముందు పెట్టారు. 2023 మేలో అమెరికా న్యాయశాఖ విచారణ జరిపి, శిక్షలు ఆపి ఇళ్లకు తగిన ఏర్పాట్లు చేసేలా రాష్ట్ర ఆరోగ్యశాఖతో ఒప్పందం కుదుర్చుకుంది. ప్రభుత్వం మారాక, 2025 ఏప్రిల్‌లో, ఆ ఒప్పందాన్ని రద్దు చేసింది.